నలభై ఒకటో ప్రశ్న

ఫెర్రీ ఛాతం జెట్టీ విడవకముందే కృపావతి తన ఫారాలను మూడోసారి ప్లాస్టిక్ కవర్లో చుట్టింది. మే నెల వాన, చెప్పి రాదు. ఆమె ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త దిగి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా సంచి మోసిన భుజం అది. పెన్ను ఒత్తిడికి మధ్యవేలు పక్కన చిన్న కాయ కాసింది. మోకాళ్ళు మెట్లను చూస్తే మొండికేస్తాయి. చెప్పులు మాత్రం కొత్తవి. ఎన్నికలొచ్చిన ఏడాదే ఆమె చెప్పులు కొంటుంది.

ఆమె పని ప్రశ్నలడగడం. సముద్రానికి అవతల, మెయిన్‌లాండ్‌లో ఒక పరిశోధన సంస్థ ఉంది. ప్రతి లోక్‌సభ ఎన్నిక అయ్యాక అది అవే ఊళ్ళకు, అవే మనుషుల దగ్గరకు అరవై రెండు ప్రశ్నలు పంపుతుంది. పార్టీలను నమ్ముతారా, అధికారులను నమ్ముతారా, ఓటుకూ మతానికీ సంబంధం ఉందా, ఇలాంటివి. మనిషి ఐదేళ్ళలో ఎంత మారాడో చూడడం వాళ్ళ ఉద్దేశం. ఎన్నికలు లేని ఏళ్ళలో కృపావతి హాడోలోని ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటుంది, ఆదివారం తెలుగు చర్చిలో పిల్లలకు పాఠం చెబుతుంది. భర్త లాజరస్ వార్ఫ్‌లో క్రేన్ నడిపేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది.

ఫెర్రీ దిగే అవతలి ఒడ్డున, హోప్ టౌన్‌లో, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్ళు మొదట ఇరవై ఐదుగురు ఉండేవారు. కొందరు సునామీ తర్వాత ఊరు మారారు, కొందరు కాలం చేశారు. ఇప్పుడు మిగిలింది పదిమంది. నిన్న అబర్డీన్ బజార్‌లోని గదిలో సూపర్‌వైజర్ ఉమేష్ ఆ సంగతే ఎత్తాడు.

"పది పూర్తి ఫారాలు రావాలి దీదీ. తొమ్మిదొస్తే హోప్ టౌన్ కట్. మళ్ళీ ఎలక్షన్‌కి ఆ ఊరే లిస్టులో ఉండదు."

ఎనిమిది అయ్యాయి. రెండు మిగిలాయి. ఆ ఊరు జాబితాలోంచి పోవడం కృపావతికి ఇష్టం లేదు, ఆ ఊరికి ఆమె రుణపడి ఉంది.

తొమ్మిదో ఫారం రామలక్ష్మిది. ఆవిడ చేపలు తోముతూ జవాబులు చెప్పింది. "మీ ఎమ్మెల్యే పనితీరు ఎలా ఉంది?" అన్న ప్రశ్న దగ్గర ఎప్పటిలాగే కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"మనకి ఎమ్మెల్యే ఎక్కడున్నాడు దీదీ? ఈ దీవులకి అసెంబ్లీయే లేదు గదా."

"నాకూ తెలుసు. అడగమన్నారు, అడుగుతున్నాను."

"లేనోడి పని బాగానే ఉందని రాసీ. కంప్లైంట్ ఏటీ లేదు."

కృపావతి 'వర్తించదు' అన్న గడిలో టిక్కు పెట్టి, నవ్వు పెదాల వెనకే దాచుకుంది. జవాబు విని ముఖం మారకూడదు, ఎందుకని ఎదురడగకూడదు. శిక్షణలో మొదటి రోజు గట్టిగా చెప్పిన నియమాలు ఈ రెండూ. ఇరవై ఏళ్ళలో వాటిని ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

పదో ఫారం గవరయ్యది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఒకప్పుడు వల వేశాడు, తర్వాత సర్కారు పడవల మీద తాడు లాగాడు. ఆమె మొదటిసారి ఈ ఊరొచ్చినప్పుడు తలుపులన్నీ మొహం మీదే మూసుకున్నాయి. చర్చి మనిషి సంచి నిండా కాగితాలతో వచ్చింది, మతం మార్చడానికే అనుకున్నారు కొందరు. ఏదో పార్టీ పంపిన మనిషి అనుకున్నారు ఇంకొందరు. ఎండలో నిలబడి ఏడుపు ఆపుకుంటున్న ఆమెను గవరయ్యే వరండాలో కూర్చోబెట్టాడు. మంచినీళ్ళిచ్చాడు. వీధి చివరిదాకా వినబడేలా జవాబులు చెప్పాడు. మధ్యాహ్నానికల్లా మిగతా తలుపులు తెరుచుకున్నాయి.

ఆ రోజు నలభై ఒకటో ప్రశ్నను ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండా చదివింది. "మీ పంచాయతీలో వేరే మతం మనిషి పోటీ చేస్తే ఓటేస్తారా?"

"ఎయ్యను. మనోళ్ళకే. నువ్వు కోపం తెచ్చుకోకమ్మా, నిజం సెప్పమన్నావు గాబట్టి సెప్తన్నాను."

మిగతా ఊరంతా ఆ ప్రశ్నకు ఇంచుమించు ఒకే జవాబు చెప్పింది: మాకు మతం పట్టింపు లేదు, మంచివాడైతే చాలు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. దాపరికం లేకుండా మాట్లాడింది గవరయ్య ఒక్కడే. అందుకే ఆ జవాబు కాస్త గుచ్చుకున్నా, ఆ మనిషి మీద ఆమెకు గౌరవం పెరిగింది. తర్వాతి మూడు ఎన్నికల్లోనూ ఆయన అదే మాట చెప్పాడు, ఆమె అదే గడిలో టిక్కు పెట్టింది. ఆయన జవాబులన్నీ ఆమెకు ప్రభువు ప్రార్థనలా నోటికొచ్చు.

ఈసారి వరండాలో ఆయన లేడు. కోడలు కనకలక్ష్మి ఎదురొచ్చింది.

"రెండ్రోజుల్నించి మంచం దిగట్లేదు దీదీ. ఆస్పత్రికి ఒద్దంతన్నాడు. కృపమ్మ వస్తాది, ప్రశ్నలున్నాయి అంతాడు."

గవరయ్య నవారు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఛాతీ ఎముకలు లెక్కబెట్టేటట్టున్నాయి. తాడు లాగిన చేతులు మాత్రం ఇంకా ఒంటికి మించి పెద్దవిగానే ఉన్నాయి. ఆమెను చూసి గడ్డం ఎత్తాడు.

"రేపు రానా పెదనాన్నా? ఇవాళ పడుకో."

"రేపు మాట రేపు. అడుగు."

ఆమె అడిగింది. ఆయన ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. వాన మొదలై ఆగింది. ఇరవై, ముప్పై దాటాయి. నలభై ఒకటి దగ్గర ఆమెకు జాలేసింది, ఇంత ఆయాసంలో తెలిసిన జవాబు మళ్ళీ చెప్పించడం ఎందుకని. ప్రశ్న చదువుతూనే పాత గడిలో టిక్కు పెట్టేసింది.

"ఏస్తాను," అన్నాడు గవరయ్య.

ఆమె పెన్ను ఆగిపోయింది. "వెయ్యను అన్నావా?"

"ఏస్తాను అన్నాను. రాసుకో."

కృపావతి మొదటి టిక్కు కొట్టేసి, పక్క గడిలో ఇంకొకటి పెట్టింది. ముఖం మారిందో లేదో ఆమెకే తెలియలేదు. ఆయన మాత్రం ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"మద్దిలోవి తర్వాత అడుగు. ఆఖరిది ఇప్పుడడుగు. అది నాకిష్టం."

వరుస తప్పకూడదు. అయినా ఆమె అడిగింది. అరవై రెండోది ప్రశ్న కాదు, ఖాళీ చోటు: మీరు ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా?

"ఈ దీవిలో నాకు పని సెప్పినోళ్ళు శానామంది. ఓటెయ్యమన్నోళ్ళు శానామంది. గవరయ్యా, నువ్వేటనుకుంటన్నావురా అని అడిగింది ఈ కాయితమొక్కటే. అడిగినోళ్ళకి దండాలు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎల్లు, టీ తాగిరా. తర్వాత మిగిలినవి సెప్తాను."

వంటింట్లో కనకలక్ష్మి అల్లం దంచి టీ పెట్టింది. గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగానే కృపావతి ఒక నిర్ణయానికి వచ్చింది. అరవై రెండూ అయ్యాక ఫారం మూసేసి, ఆ ఇంటి ఆడపిల్లలా ఆయన పక్కన కూర్చుని ఎందుకని అడగాలి. నియమం ఫారానికేగానీ తనకు కాదు కదా.

ఆమె తిరిగి వచ్చేసరికి గవరయ్య తల గోడవైపు వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అరచెయ్యి మంచం పట్టె మీద వెల్లకిలా ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"కనకలక్ష్మీ," అని పిలిచింది. గట్టిగా పిలవలేకపోయింది.

కొడుకు వీరేంద్ర హార్బరు నుంచి వచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. ఇల్లు తుడిచింది, వచ్చినవాళ్ళకు చాపలు పరిచింది. సాయంత్రం ఫెర్రీలో కూర్చున్నాక ఉమేష్ ఫోన్ చేశాడు. ఆమె జరిగింది చెప్పింది.

"చాలా మంచి ఆద్మీ దీదీ. కానీ ఎన్ని అయ్యాయి?"

"నలభై ఒకటి. ఆఖరిది ఒకటి."

"ఇరవయ్యే కదా బాకీ. ఆయన జవాబులు నీకు నోటికి యాద్ ఉంటాయి. నువ్వే నింపేయ్. ఊరు నిలబడుద్ది."

"నలభై ఒకటి దాకా నేనూ అలాగే అనుకున్నాను ఉమేష్."

"అంటే?"

"నాకు తెలీవు అంటున్నాను. అసంపూర్ణం అని రాస్తున్నాను."

"హోప్ టౌన్ పోద్ది దీదీ."

"పోద్ది. తెలుసు."

ఫోన్ పెట్టేశాక ఆమెకు దుఃఖం ఆగలేదు. పక్కనున్నవాళ్ళు చూస్తున్నా కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆయన జవాబుకు కారణం తనేనో, మరెవరో, ఇక ఎప్పటికీ తెలియదు. అయినా ఆ జవాబు వినే అదృష్టం తనకు దక్కింది. ఆమె కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. గవరయ్య పేరు చెప్పి, ఆయన కొలిచిన దేవుళ్ళకు కూడా.

తర్వాత కళ్ళు తుడుచుకుని ఫారం తీసింది. కారణం అన్నచోట 'మరణం' అని రాసింది. సిరా ఆరేదాకా కాగితాన్ని ఒళ్ళోనే తెరిచి ఉంచింది. నలభై ఒకటి దగ్గర కొట్టేసిన టిక్కు ఒకటి, దాని పక్కనే కొత్త టిక్కు, వాటి కింద ఇరవై ఖాళీ వరుసలు.