పదిహేనేళ్ళకు సాక్ష్యం

మొదట సంకెళ్ళు వినిపించాయి. గోడ అవతల ఇనుము నేలను గీరుకుంటూ, ఆగుతూ, మళ్ళీ గీరుకుంటూ వస్తోంది. అది తన కొడుకు నడక అని సోమమ్మ గుర్తుపట్టలేదు. మంద వెంట ఉరికే ఆ కాళ్ళకు అలాంటి చప్పుడు ఏనాడూ లేదు.

యూనియన్ సైన్యం వచ్చి ఏడాది. సూర్యాపేట కచేరీకి ఆమె రావడం నాలుగోసారి. తెల్లవారకముందే పెన్‌పహాడ్‌లో బయలుదేరడం, పొద్దు వాలేదాకా వసారాలో కూర్చోవడం, పిలిచినా సాక్ష్యం పూర్తికాక, మళ్ళీ రమ్మంటే మరలిపోవడం. మిర్యాలగూడ దారిలో దేశ్‌ముఖ్ గుమాస్తాను దళం కాల్చి చంపినప్పుడు, ఆ తుపాకిని అక్కడిదాకా మోసింది ఆమె కొడుకు. ప్రత్యేక న్యాయస్థానం వానికి ఉరి విధించింది. తీర్పులో వాని వయసు ఇరవై. తల్లి లెక్కలో పదిహేను.

ఆ లెక్కకు కాగితం లేదు. ఊరి పుట్టుకల దస్తరం పటేలు ఇంట్లో ఉండేది. సంఘంవాళ్ళు వెట్టి కాగితాలతోపాటు దాన్నీ వాకిట్లో కుప్పపోసి కాల్చిననాడు, మంట ఎగదోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు. ఇక మిగిలింది తల్లి నోటిమాట.

కోదాడ వకీలు సత్యానందం క్షమాభిక్ష అర్జీతో నిలబడ్డాడు. తుపాకి మోసినవానికి వయసుతో పనేమిటని విచారణాధికారి విసుక్కున్నాడు.

“పదిహేనేళ్ళవాడు అరెకరం రాసిస్తే చెల్లదంటారు కదండీ,” అన్నాడు వకీలు. “వాని ప్రాణం తీయడానికి మాత్రం ఆ వయసు ఎలా సరిపోతుందండీ?”

అధికారి కలం సిరాలో ముంచి, ఖైదీ పేరు చెప్పమని సోమమ్మను అడిగాడు.

ఆమె తల దించుకుంది. కొడుక్కి పెట్టింది మామ పేరు. మామ పేరు కోడలి నోట రాకూడదు. ఆయన పోయి ఏడేళ్ళయినా ఆమె పలకలేదు. ముద్దు చేసినా, కొట్టినా, మందను మళ్ళించమని కేకేసినా కొడుకును “అయ్యా” అనే పిలిచింది.

“గత్తరొచ్చి మా మంద సగం సచ్చిన యేడు పుట్టిండు దొరా,” అంది.

“పేరు చెప్పు.”

ఆమె వకీలు వైపు చూసింది. వకీలు నోరు తెరవబోతే అధికారి చెయ్యి అడ్డుపెట్టాడు. సాక్షి తానే చెప్పాలి. ముందు మూడుసార్లూ ఆమె సాక్ష్యం ఇక్కడే ఆగిపోయింది.

“కన్నకొడుకు పేరే చెప్పలేనిది, వయసేం చెప్తది?” అని జవానుతో నవ్వాడు అధికారి. కేసు కాగితాల మిసిల్ ఆ సాయంత్రమే హైదరాబాదుకు పోతుందన్నాడు.

వకీలు వంగి, మెల్లగా అన్నాడు: “మీ మామగారు పోయారమ్మా. పిల్లాడు ఉన్నాడు.”

సోమమ్మకు ఒళ్ళు మండింది. ఈ కుర్చీలోని దొర మీద, పిల్లవాని భుజాన తుపాకి పెట్టిన పెద్దవాళ్ళ మీద, అన్నిటికంటే తన నాలుక మీద.

సంకెళ్ళు గుమ్మంలోకి వచ్చాయి. ఎవరిదో చొక్కా, చేతులు మునిగిపోయేంత పెద్దది. దానిలోంచి కొడుకు తొంగిచూశాడు. తల్లి పెదవులు కదలడం చూసి భయపడ్డాడు.

“వద్దవ్వా,” అన్నాడు గుసగుసగా. “తాత కోపం జేస్తడు.”

అధికారి కలం ఆగింది.

సోమమ్మ నోటికి అడ్డుపెట్టుకున్న కొంగు తీసేసింది.

“రాయి దొరా. పదిహేనేండ్లు. నా కొడుకు పేరు లక్ష్మీనర్సయ్య.”