గోడకు మిగిలిన మేకు

వడమాలపేట కతోలిక గుడిలో బైబిలు బోధించే ఉపదేశి శాంతయ్యకు వాదన దొరికితే అన్నం అక్కర్లేదు. ఆ రోజు రెండూ దొరికాయి. ఇల్లు దీవించడానికి ఫాదర్ వచ్చారు. ఐరాల నుంచి చెల్లెలు పంకజాక్షి, ఆమె భర్త సుబ్రమణ్యం కూడా భోజనానికి వచ్చారు. సుబ్రమణ్యం ఏడాదిగా వేరే ప్రార్థనా మందిరానికి పోతున్నాడు. స్వరూపాలంటే, ఆ విగ్రహాలంటే, అతనికి ఒళ్ళుమంట.

“బొమ్మలకు మొక్కొద్దని బైబిల్లోనే ఉండాది కదా బావా. మళ్ళా మీరు మరియమ్మకు దండలేసి మొక్కతారే?” అన్నాడు, గూట్లోని స్వరూపాన్ని చూపించి.

శాంతయ్య తువ్వాలు సర్దుకున్నాడు. ఫాదర్ వింటున్నారు మరి.

“ఆజ్ఞల పలకలుంచిన మందసం మీద రెక్కల దూతల్ని, ఆ బంగారు కెరూబుల్ని, చేయమన్నది ఎవరప్పా? ఆ దేవుడే గదా. బొమ్మే దేవుడనుకుంటే తప్పు. మేం అనుకోం.”

“సరే, యేసయ్యను నేరుగా అడక్కుండా నడాన ఆయమ్మ ఎందుకు?”

“పోయిన నెల నీకు జరమొస్తే, నా కోసం ప్రార్థన చేయండని మీ సంఘాన్నంతా అడిగితివే! మేం ఆ తల్లిని అడుగుతాం. అంతే గదా?”

ఫాదర్ నవ్వారు. ఆ నవ్వుతో శాంతయ్యకు ఊపొచ్చింది.

“ఒక మాట చెప్పు సుబ్రమణ్యం. పండగనాడు అమ్మ పటం తుడిచి పువ్వు పెడతాం. కాగితానికి పెట్టినామా, అమ్మకు పెట్టినామా? కన్నతల్లి పటాన్ని కాగితమని పారేసేవాడు యాడన్నా ఉంటాడా?”

సుబ్రమణ్యం తల దించుకున్నాడు. పంకజాక్షి మాత్రం తలెత్తి ఎదురుగోడ చూసింది. అక్కడ ఉత్త మేకు ఉంది.

“అన్నా, మనమ్మ పటం యాడ?”

ఆ గొంతులో ఎగతాళి లేదు. చూడాలనిపించి అడిగింది, అంతే.

“సున్నం కొట్టేటప్పుడు తీసినాంలేమ్మా.”

“సున్నం ఆరిపోయిండాది కదన్నా.”

శాంతయ్య చూపు లోపలి గది వైపు పోయింది. తీసింది సున్నం కోసం కాదు, ఫాదర్ కంట పడకూడదని. చెయ్యి విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకున్న నాడు స్టూడియోలో తీయించిన పటం అది. అమ్మకున్నది అదొక్కటే. చేతికి కట్టు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఆమె జ్ఞానస్నానం తీసుకోకుండానే, హిందువుగానే పోయింది. అయినా చిన్నప్పుడు ఆదివారం ఆదివారం తనను గుడికి పిలుచుకొచ్చి, పూజ అయ్యేదాకా బయట తన చెప్పులకు కాపలా కూర్చునేది. ఉపదేశి ఇంట్లో బొట్టు పెట్టుకున్న తల్లా అంటారని తానే సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఆ సిగ్గు తలుచుకుంటే ప్రాణం చచ్చిపోయినట్టయింది.

“తీసుకురావయ్యా, చూద్దాం” అన్నారు ఫాదర్.

లోపలి గదిలో శనక్కాయల మూటల వెనక, మొహం గోడవైపు తిప్పి పెట్టిన పటాన్ని పట్టుకొచ్చాడు. అద్దం నిండా మూటల దుమ్ము. ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాడు.

“బొట్టుందని దాచినాను ఫాదర్.”

సుబ్రమణ్యం లేచి వచ్చి పటం అందుకున్నాడు. తన తువ్వాలుతో అద్దమంతా మెల్లగా, బొట్టు కనబడేదాకా తుడిచి మేకుకు తగిలించాడు.

“నేను మొక్కను బావా” అన్నాడు. “మా అత్త కదా, తుడిచినానంతే.”