ఎల్లొత్తానన్న మాట

దీపాలవేళకు అరకు లోయలో ప్రతి ఇంటా చోడి అంబలి, అదే రాగంబలి, ఉడుకుతుంది. ముత్యాలమ్మ తన ఇంటి అంబలిని మూడు ముంతల్లో పోసేది. ఒకటి తనకు, ఒకటి కూతురు కనకకు, మూడోది గుమ్మం పక్కన. అది అస్సాం తేయాకు తోటలకు వెళ్లిన మొగుడి వాటా.

వెళ్లేనాడు అతను గుమ్మంలో నిలబడి, "బేగి వచ్చెత్తాను, ముత్యాలూ," అన్నాడు. మనిషి రాలేదు. ఆ కొండల్లో తిరిగొచ్చినవాళ్ల మాట వాళ్లతోపాటే ఇంట్లోకి పోతుంది, రానివాళ్ల మాట గుమ్మంలో ఉండిపోతుంది. అతని మాట కూడా అలాగే ఉండిపోయి, రోజూ దీపాలవేళ అదే గొంతుతో పలికేది. అది వినపడగానే ఇరుగుపొరుగు మేకల్ని కట్టేసుకునేవారు.

ముత్యాలమ్మ మాత్రం ఇల్లు కదిలేది కాదు, సంతకైనా పోయేది కాదు. కనక చదువుకని కొండ దిగాక, ఆ వానాకాలం జ్వరం వచ్చి, నీళ్లిచ్చే దిక్కు లేక పడి ఉంది. అది తెలిసి కనక కింద ఊరి కాలేజీలో సగంలో ఉన్న పంతులమ్మ చదువు వదిలి కొండెక్కేసింది. అదృష్టం కొద్దీ లోయలోనూ ఈమధ్యే ఒక ట్రైనింగ్ కాలేజీ పెట్టారు. అక్కడ రెండో ఏడాదిలో చేర్చుకుంటే పగలు చదువు, రాత్రి అమ్మ దగ్గర. చేర్చుకోకపోతే చదువో అమ్మో ఒకటే మిగులుతుంది.

ప్రిన్సిపాలు జగన్నాథరావుగారు మంచివారే. కాకపోతే ఆయన దగ్గర మంచితనం కూడా నిబంధన తర్వాతే కుర్చీ వేసుకునేది.

"మార్కులు బాగున్నాయి, సీటూ ఉంది. కానీ మీ పాత కాలేజీవాళ్లు బదిలీ పత్రం ఇవ్వలేమంటున్నారమ్మా. నువ్వింకా అక్కడే ఉన్నావట."

"నానిక్కడుంటే అక్కడెలాగుంతాను బాబూ?"

"రోజూ హాజరు పలుకుతున్నావట."

విషయం అర్థమై కనక నాలుక కరుచుకుంది. వచ్చేసేనాడు తరగతి గుమ్మంలో నిలబడి స్నేహితురాలు నూకరత్నంతో "ఎల్లొత్తానే" అంది. మళ్లీ రామని తెలిసినా మనవాళ్లు అనేది ఆ మాటే, పోతున్నానంటే అశుభం కదా. కాలేజీలో ఉండిపోయిన మాట కాబట్టి అది నాలుగు ముక్కలు నేర్చుకుని హాజరు కూడా పలుకుతోంది.

జగన్నాథరావుగారు నశ్యం పీల్చి నిట్టూర్చారు. "ఒక విద్యార్థి రెండు చోట్ల హాజరు కాకూడదు. నెలాఖరులోగా అక్కడ లేకుండా పోయి రా. ఇక్కడ చేర్చుకుంటాను."

అమ్మకు జ్వరం తగ్గగానే కనక సంత బళ్ల వెంట ఘాటీ దిగింది. తరగతి దగ్గరికి వెళ్లేసరికి పంతులమ్మ పేర్లు పిలుస్తోంది. "కనక" అనగానే ఖాళీ చోటు నుంచి "హాజరండీ" అని తన గొంతే వినపడింది. ఆ చోట ఎవరూ కూర్చోకుండా నూకరత్నం తన పుస్తకాలు అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం కనకను చూసి నూకరత్నం ఎగిరి గంతేసి, అన్నం మూట విప్పింది. అందులో సగం వేరే ఆకులో కట్టి ఉంది.

"ఇదెవరికే?"

"నీకే. రోజూ తెస్తన్నాను. ఎల్లొత్తానన్నావు కదేటి."

కనకకు మూడో ముంత గుర్తొచ్చింది. తను తరగతిలోకి తిరిగొచ్చింది కాబట్టి అప్పుడు గుమ్మంలో వదిలిన మాట సద్దుమణిగింది. కానీ మళ్లీ వెళ్లాలి కదా. సాయంత్రం అదే గుమ్మంలో నిలబడితే అదే మాట నాలుక చివరికొచ్చింది. పళ్ల కింద నొక్కేసింది.

"నూకరత్నం, నానింక రానే. ఎల్లిపోతన్నాను."

"అంతమాట ఎలాగన్నావే!" అని నూకరత్నం బావురుమంది. చాలాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, కనక ముట్టని ఆ సగం అన్నం తానే తినేసింది.

మర్నాడు కనక పేరుకు ఎవరూ పలకలేదు. నూకరత్నం పుస్తకాలు తీసి, నిలబడి ఉన్న ఒక కొత్త పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. బదిలీ పత్రం అందుకుని కనక కొండెక్కింది. జగన్నాథరావుగారు ఆ పూటే చేర్చుకున్నారు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే ముత్యాలమ్మ అంబలి కలుపుతూ వింది.

"ఎల్లిపోతన్నానని మొకం మీదే అనీసేవేటి గుంటా?"

"అనీసేనమ్మా."

"ఏడిసిందా?"

"ఏడిసింది. తరవాత అన్నం తింది."

ముత్యాలమ్మ గరిటె ఆపింది. దీపాలవేళ అయింది. "బేగి వచ్చెత్తాను, ముత్యాలూ," అంది గుమ్మం. ఆమె లేచి దాని ముందు నిలబడింది.

"నువ్వు రావు. నాకు తెలుసు. ఎప్పుడో తెలుసు. నాను ఎదురు సూడనింక. ఎల్లిపో మావా, సుకంగుండు."

మాట తడబడలేదు. మూడో ముంత తెచ్చి సగం కూతురికి పోసి, మిగిలింది తాను తాగింది.

మర్నాడు దీపాలవేళ గుమ్మం పలకలేదు. పొరుగువాళ్ల మేకలు చీకటి పడేదాకా వీధిలోనే తిరిగాయి.

ఆ వారం సంతనాడు ముత్యాలమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కూతురితో కలిసి వీధిలోకి దిగింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇంటి గుమ్మాన్ని చూసింది.

"ఎల్లొత్తాను," అంది.

సాయంత్రం ఉప్పు కొనుక్కుని తిరిగొచ్చింది.