నక్క మీద అమ్మ

పగలంతా పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే బతుకు నాది. అందుకే ఆదివారం వచ్చిందంటే స్టూడియో షట్టర్ సగం దించి, పాత ఫొటోలు ముక్కలు చేసి, చేపల్ని ఆకాశంలో, చెట్లని మబ్బుల్లో అతికిస్తూ కూర్చుంటాను. పిచ్చి ముదిరిందన్నారు అందరూ. ఇప్పుడు ఆ పిచ్చి బొమ్మల్నే పెద్ద హాల్లో పెడుతున్నారు. రేపే ప్రదర్శన.

అన్నిట్లోకీ పెద్ద బొమ్మ అమ్మది. చిన్నప్పుడు ఆవిడ ఒక నక్కపిల్లని కట్టెల గదిలో దాచి పెంచిందట. ఆ మాట ఎత్తినప్పుడల్లా పెద్ద మామయ్య నలుగురిలో నవ్వేవాడు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన కాదన్నాక అవునని ఎవరంటారు? యాభై ఏళ్ళుగా అమ్మకి కోతలరాణి అనే పేరు ఖాయమైపోయింది. పైకి నవ్వేసేది గానీ ఆ పూట అన్నం సరిగా తినేది కాదు. ఒక్కరైనా నమ్మితే చాలనుకునేది. నాకు ఒళ్ళు మండేది.

బడి గ్రూపు ఫొటోలో బఠాణీ గింజంత ఉన్న అమ్మ మొహాన్ని పెద్దది చేశాను. జూలో తీసిన నక్కని ఏనుగంత చేసి, ఆ ఏడేళ్ళ పిల్లని దాని వీపు మీద ఎక్కించి, ఇళ్ళ కప్పుల మీదుగా నడిపించాను.

ఫ్రేము కట్టేముందు చూడమని అమ్మనీ మామయ్యనీ పిలిచాను. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని బొమ్మకి దగ్గరగా జరిగింది.

"అందరూ నక్కని తొక్కొస్తారు, మీ అమ్మ ఏకంగా ఎక్కొచ్చిందే," అన్నాడు మామయ్య. తర్వాత మాస్టారి బుద్ధి ఊరుకోక, పెన్ను తీసి తప్పులు వెతకడం మొదలెట్టాడు. "కాళ్ళు బాగానే ఉన్నాయి. తోకా సరే. ఈ చెవే తప్పు. దాని ఎడమ చెవి సగమే కదా ఉండేది."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

పాస్‌పోర్టు ఫొటోల అలవాటుకొద్దీ రెండు చెవులూ నిండుగా పెట్టాను నేను. చెవి సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"నీకెలా తెలుసు మామయ్యా?"

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. "ఆ కట్టెల గది తలుపు నేనే వేశాను. అది బయటికొచ్చేస్తుందని భయపడి విసురుగా వేశాను. చెవి తెగింది. నాన్న తంతాడని అసలు నక్కే లేదన్నాను. తర్వాత అదే నోటికి అలవాటైపోయింది."

"మందు రాసింది నేను," అంది అమ్మ. "ఎలా తెగిందో ఇవాళ తెలిసింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెన్ను నిటారుగా చేసుకుని, పక్క గదిలో ఉన్న ఫ్రేములాయన్ని పిలిచింది. "ఇలా రండి, మీరూ వినండి. అన్నయ్యా, మళ్ళీ చెప్పు."

తల దించుకుని మళ్ళీ చెప్పాడు మామయ్య, ఒక్క ముక్క వదలకుండా. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

ఇంకా జిగురు పెట్టని నక్క తలని తీసి, కత్తెరతో సహా ఆయన చేతికిచ్చింది అమ్మ. "కత్తిరించు."

నక్క ఎడమ చెవి అంచు కొంచెం కత్తిరించాడు. అమ్మ వంగి పరీక్షగా చూసింది.

"ఇంకాస్త," అంది.