గాజుతొట్టిలో కొత్త కాపురం

మా పిడుగు పోరి పోరి చివరికి ఒక న్యూట్‌ని సాధించుకుంది. బల్లికీ కప్పకీ మధ్య రాజీ కుదిరితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ ప్రాణి. నల్లటి వీపు, నారింజ పొట్ట, ఎవరి జోలికీ పోని మొహం.

"ఇది బతికితేనే ఇంట్లో ఇంకో ప్రాణి. చచ్చిందా, మళ్లీ ఆ ఊసెత్తకూడదు," అని మా ఆయన కూతురితో ఒప్పందం చేసుకున్నారు. ఏ ఒప్పందంలోనూ ఆయన వాటాకి పని రాదు. తొట్టి సర్దడం నాకు పడింది.

దుకాణం అతను ఒకటే హెచ్చరించాడు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ చర్మానికి నిప్పుతో సమానమట. నీళ్లు పట్టి, మూత లేకుండా కొన్నాళ్లు వదిలేస్తే అదే పోతుందట. అలాగే పెద్ద బకెట్ నింపి వెనక వరండాలో వదిలేశాను. ఈలోగా గులకరాళ్లు కడిగాను. అది గట్టెక్కి కూర్చోవడానికి ఒక పలకరాయి ఆనించాను. గోడలెక్కే రకం కాబట్టి బిగుతైన మూత తెచ్చాను.

ఆ ఆదివారం నీళ్లు పోసి దాన్ని లోపల వదిలాం. కాసేపు కదల్లేదు. తర్వాత గాజు ఎక్కడం మొదలుపెట్టింది. జారడం, ఎక్కడం, మళ్లీ జారడం.

"కసరత్తు చేస్తోంది," అన్నారు మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా.

"అమ్మా, దానికి ఇక్కడ నచ్చలేదా?"

"కొత్త కాపురం కదే. మొదట్లో అందరం గోడలే ఎక్కుతాం."

పిడుగు నవ్వలేదు. న్యూట్ పలకరాయి మీదికి పాకి నోరు తెరిచింది, మూసింది. చర్మం మీద పాలమీగడలా తెల్లటి పొర తేలింది. అలవాటవుతుందిలే అని నేనే దాన్ని వేలితో మెల్లగా నీళ్లలోకి నెట్టాను. కొరడాతో కొట్టినట్టు మెలికలు తిరిగింది.

పిడుగు తొట్టి మీదికి వంగి వాసన చూసింది. నాకు జలుబు, ముక్కు వారం నుంచీ సెలవులో ఉంది.

"అమ్మా, నాన్నమ్మ పాత యూనిఫాం వాసన వస్తోంది."

మా అత్తగారు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ యూనిఫాం ఎన్ని ఉతుకులు ఉతికినా బ్లీచింగ్ వాసన వదిలేది కాదు.

"అత్తయ్యా, వరండాలో బకెట్ ముట్టుకున్నారా?"

"ముట్టుకోలేదమ్మాయ్. మాత్ర వేశానంతే."

"ఏం మాత్ర?"

"నీళ్లలో వేసేదే. రోజూ వేస్తున్నా. మూతైనా పెట్టకుండా నిలవ నీళ్లు అలా వదిలేస్తే ఎలా? నేనుండబట్టి సరిపోయింది."

క్లోరిన్ పోవాలని నేను ఎదురుచూసిన రోజులన్నీ ఆవిడ దాన్ని దగ్గరుండి పోషించారు.

నేను ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. తొట్టిలోకి ఒక్క చూపు చూసి ఆవిడ వంటింట్లోకి నడిచారు. కాచి చల్లార్చిన నీళ్ల కూజా తెచ్చి వెడల్పాటి పళ్లెంలో పోశారు. చేతులు తడుపుకుని న్యూట్‌ని అందులోకి మార్చారు. ఎన్ని పసిగుడ్లను ఎత్తిన చేతులో, ఒక్క వేలూ వణకలేదు. దాని గొంతు కింద ఎప్పుడూ ఆడుతుండే చిన్న అదురు ఇప్పుడు ఆగి ఆగి వస్తోంది.

"బతుకుతుందా నాన్నమ్మా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఇంట్లో మేమెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, "మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నారు.

మా ఆయన ఫోన్ పక్కన పెట్టేశారు. పిడుగు బయటికి వెళ్లకపోగా కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"వార్డులో ఆ మాట ఎప్పుడనేదానివో నాకు చెప్పావు నాన్నమ్మా," అంది.

పళ్లెంలో ఆ అదురు ఆగి అప్పటికే కాసేపైంది. అత్తగారు మాత్రం వేళ్లతో నీళ్లు చల్లుతూనే ఉన్నారు.