ఒకే సీసాలో పోసినవి

తడి నాచు వాసన. వెనిగర్ వాసన. ఆ రెండూ కలిస్తే అల్సీడ్‌కు పెర్లీ గుర్తొస్తాడు — కడుపు మండుతుంది.

మ్యూజియంలో పురుగుల మీద పరిశోధన చేసే డాక్టరు పెర్లీ. "ఆ రెండు పురుగులూ ఒకటే, అల్సీడ్" అన్నవాడు.

ఒకటే...

అల్సీడ్ ఆరో తరగతితో బడి మానేసి గొడ్డలి పట్టినవాడు. న్యూ బ్రన్స్‌విక్ అడవుల్లో ముప్పై ఏళ్లు కలప నరికి, నడుము పడిపోయాక, పెర్లీకి పురుగులు పట్టిచ్చే పనికి కుదిరాడు. నేలలో గ్లాసు పాతాలి. అడుగున వెనిగర్ పోయాలి. పడినవాటిని వారానికోసారి సీసాలోకి ఎత్తి, చోటు రాసిన చీటీ వేయాలి.

పొట్టిరెక్కల పురుగులు. నల్లగా, బియ్యపు గింజకన్నా సన్నగా.

బతికున్నదాన్ని గడ్డిపరకతో తాకి చూసేవాడు. రోడ్డుపక్క గుంటలోది ముందు పరిగెత్తేది, ఆ తర్వాతే తేలులా తోక ఎత్తేది. నాన్న ఇచ్చిపోయిన సీడార్ చెట్ల చిత్తడినేలలోది — ముందే తోక ఎత్తేది. నిలబడేది. పరిగెత్తేది కాదు.

చచ్చాక రెండూ ఒకటే. బతికుండగా కాదు.

అదే చెప్పాడు. పెర్లీ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. నడక చూసి జాతి చెప్పలేమన్నాడు. మగపురుగు కడుపు కోసి, లోపల జతకట్టే కొక్కెం చూస్తేనే తేలుతుందన్నాడు. ఇప్పుడంత తీరిక లేదన్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెబితే, అక్క జెలికా పెనం మీద బక్‌వీట్ పిండి అట్టు వేస్తూ అందుకుంది. "పురుగుల లాగులు విప్పి చూసేవాడి దగ్గరట్రా నీ కొలువు? మరి ఆడవాటినేం చేస్తాడు, పేరడిగి పంపేస్తాడా?"

అందరూ నవ్వారు. అల్సీడ్ నవ్వలేదు.

కసి పుట్టింది. ఒకటేనా — అయితే ఒకటే. ఆ వేసవంతా గుంటలోవీ చిత్తడిలోవీ ఒకే సీసాలో పోశాడు. ఒకే చీటీ. రెండు చోట్లూ దాని మీదే.

మూడేళ్లకు కరెంటు తీగల దారి చిత్తడి మీదుగా గీశారు. మరెక్కడా లేని జీవి అక్కడుందని రుజువైతే దారి పక్కకు జరుగుతుందట. అప్పుడు దొరికింది పెర్లీకి తీరిక. చిత్తడి పురుగులున్న ఆ ఒక్క పాత సీసా తెరిచి కోశాడు. కొన్నిటి కొక్కెం నిటారు. కొన్నిటిది వంకర. వంకరది ఏ పుస్తకంలోనూ లేదు.

టోపీ మీద మంచుతో అల్సీడ్ ఇంటికి వచ్చాడు. నేలంతా గడ్డకట్టి ఉంది. మళ్లీ పట్టే వీల్లేదు. రుజువు చూపడానికి గడువు పది రోజులు.

"ఏది ఎక్కడిది?"

"చిత్తడిది వేరని అప్పుడే చెప్పా."

"చీటీ మీద రెండు చోట్లూ ఉన్నాయి, అల్సీడ్."

"ఒకటేనన్నది మీరే కదా."

"అన్నాను." పెర్లీ టోపీని చేతుల్లో తిప్పాడు. "నువ్వు నమ్మలేదుగా. మరెందుకు కలిపావు?"

అల్సీడ్ పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

నోటిమాట చెల్లదన్నారు అధికారులు. మంచు కరగకముందే సీడార్లు పడ్డాయి. కాలువ తవ్వారు. నాచు ఎండింది.

మే నెలలో ఒక మొద్దు నీడన గుప్పెడు నాచు — ఇంకా తడిగా. వంగి ఎత్తాడు. గడ్డిపరకతో తాకాడు.

నల్లటి మెరుపు. లేచిన తోక.

ముందు పరిగెత్తిందా... ముందు తోకే ఎత్తిందా... కళ్లు చెమర్చి ఉన్నాయి, ఆనలేదు. మళ్లీ తాకబోతే లేదు.

తడి నాచు వాసన. వెనిగర్ వాసన లేదు. చుట్టూ మొద్దులు — నాన్న ఇచ్చిపోయిన ముప్పై ఏడున్నర ఎకరాలు.