పడని వాన

శ్రీరామమూర్తి గారికి సముద్రం మీద భక్తి ఎప్పుడు పుట్టిందో విద్యావతికి బాగా తెలుసు. సరిగ్గా పదిహేను నిమిషాల క్రితం పుట్టింది. జూన్‌లో ఆమె ఆ సముద్రం సంగతే రాసిస్తే, ఆయన ఆఫీసంతా వినేలా నవ్వాడు.

అది నాంపల్లిలో వానల లెక్కలు చూసే సర్కారు ఆఫీసు. ఏడాది 1972. విద్యావతి పదేళ్లుగా అక్కడ గుమాస్తా. శ్రీరామమూర్తి సూపరింటెండెంటు, రాష్ట్రాలు కలిసినప్పుడు కర్నూలు నుంచి వచ్చినవాడు. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత వాతావరణ పత్రికలో ఆమె ఒక వ్యాసం చదివింది. పెరూ దేశం పక్కన పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కితే అక్కడి చేపలు మాయమవుతాయట. ఆ వేడికి గాలుల తీరు మారి, చాలాసార్లు మన నైరుతి వానలు మొహం చాటేస్తాయట. ఆ ఎండాకాలమే పెరూ పడవలు ఖాళీగా తిరిగొస్తున్నాయని పేపర్లో రెండు లైన్ల వార్త పడింది. ఈసారి వానలు తప్పొచ్చు, జిల్లాల్లో వానకొలత కేంద్రాలన్నీ ముందే తనిఖీ చేయించాలని నోటు పెట్టింది.

"ఏమ్మా విద్యావతీ, పెరూలో చేపలకు జ్వరమొస్తే పాలమూరులో జొన్న ఎండిపోతుందా?" అన్నాడాయన. నోటు ఫైల్లో పడి నిద్రపోయింది.

వానలు నిజంగానే తప్పాయి. అబిడ్స్‌లో గొడుగుల దుకాణం వాడు నాలుగు నెలలూ ఈగలు తోలుకున్నాడు. ఆఫీసులో మాత్రం పని ఎప్పటిలాగే నడిచింది. ప్రతి కేంద్రం నుంచీ వాన ఎంత పడిందో కార్డు మీద రాసి పంపుతారు. కార్డు రాలేదంటే తపాలాలో పోయిందనుకుని, పాత పుస్తకంలో ఆ రోజుకు సగటు వాన ఎంతో చూసి, ఆ అంకె రిజిస్టర్లో వేసేస్తారు. గడి ఖాళీగా ఉంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరు మరి!

పాలమూరు వైపు ఒక తాలూకా నుంచి ఆ ఏడు కార్డులు దాదాపు రానేలేదు. విద్యావతికి అనుమానమొచ్చి ఒకసారి అడిగింది. "తపాలా వాళ్ల సంగతి తెలిసిందేగా, నింపెయ్యమ్మా" అన్నాడు శ్రీరామమూర్తి. నింపేసింది. ప్రతి గడీ తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో నింపింది. ఆ లెక్కల మీద కరువు తాలూకాల జాబితా తయారైంది. జాబితాలో పేరుంటే కరువు పనులు తెరుస్తారు, కూలీ దొరుకుతుంది. ఆ తాలూకా పేరు అందులో లేదు.

ఈ పొద్దున ఆఫీసు అటెండరు సాయన్న తన అన్న మల్లేశాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక మూటతో నాంపల్లి స్టేషన్లో అప్పుడే దిగాడట, పట్నంలో పని వెతుక్కుందామని. సేద్యం చేసుకుంటూనే ఆ తాలూకా కచ్చేరీలో వానకొలత చూసేది కూడా తనేనని చెప్పేసరికి విద్యావతికి ఒళ్లు మండిపోయింది.

"నాలుగు నెలల సంది కార్డులు ఎందుకు పంపుతలేవయ్యా?"

"పంపిన గదమ్మా, మూడు. వాన పడ్డది మూడు దినాలే."

"పడని దినం సున్నా అని రాయాలె గదా!"

మల్లేశం వింతగా చూశాడు. "పడలేదని గూడ కార్డు రాస్తరా అమ్మా? మా అయ్య కాలం నుంచి గిట్లనే, పడితేనే రాస్తం. పడలేదని మీకు మేం చెప్పాల్నా? గీడ మీకు ఆకాశం కనబడదా?"

మంచి ఏడాదుల్లో ఈ తేడా ఎవరి కంటా పడలేదు. ఈ ఏడు వాన ఎంత తగ్గితే కార్డులు అంత తగ్గాయి, కార్డులు ఎంత తగ్గితే ఆమె అంత వాన కురిపించింది. ఇంతసేపూ మల్లేశం మీదున్న కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

రిజిస్టరు తీసుకుని లోపలికెళ్లింది. జాబితా నాలుగింటికి సెక్రటేరియట్‌కు వెళ్తుంది, ఆ తాలూకాను ఇప్పుడే చేర్చాలంది. సంగతంతా విని శ్రీరామమూర్తి చెమట తుడుచుకున్నాడు. అప్పుడే ఆయనకు భక్తి పుట్టింది.

"రాసుకోమ్మా. పసిఫిక్ సముద్రంలోని అసాధారణ ఉష్ణోగ్రతల కారణంగా వర్షపాతం తారుమారై, ఈ తాలూకా పేరు చేర్చుటలో జాప్యం జరిగినది... నీ జూన్ నోటు కూడా జతచేద్దాం. నీకూ మంచి పేరొస్తుంది."

ఆమె టైపు మెషీను ముందు కూర్చుని టకటకా కొట్టి కాగితం తెచ్చింది. అందులో సముద్రం ఊసే లేదు. రాని కార్డులకు బదులు సగటు అంకెలు వేశామనీ, వేసింది తాననీ, వెయ్యమన్నది సూపరింటెండెంటనీ ఉంది.

"నీకేమైనా మతి పోయిందా? దీని మీద నేను సంతకం పెట్టాలా?"

"సముద్రం వాన ఎగ్గొట్టింది సార్, నిజమే. పడని వానను పడ్డదని రాసింది మనం." ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. "మల్లేశం వరండాల కూసున్నడు. సముద్రం వేడెక్కింది, గందుకే మీ తాలూకా పేరు రాయలేదని మీ నోటితో జర చెప్పి రాండ్రి. చెప్పొచ్చినంక మీ లెటరే టైపు చేస్త."

ఆయన విసురుగా లేచి తలుపు దాకా వెళ్లాడు. వరండాలో పిల్లలు మూట మీద తలలు పెట్టి పడుకున్నారు. పెద్ద సారు కనబడగానే మల్లేశం గబుక్కున లేచి చేతులు జోడించాడు. శ్రీరామమూర్తి వెనక్కొచ్చి, కలం తీసి, సంతకం పెట్టాడు.

"ఇద్దరికీ మెమోలు వస్తాయి, చూసుకో" అన్నాడు.

"రానియ్యండి సార్."

సాయన్న కాగితం పట్టుకుని సైకిలెక్కాడు. విద్యావతి వరండాలోకొచ్చి మల్లేశానికి చెప్పింది, మీ తాలూకా చేరిందని.

"పనులు ఎప్పుడు తెరుస్తరమ్మా?"

"నెల పడుతదేమో."

మల్లేశం పిల్లల వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. చాదర్‌ఘాట్‌లో ఇళ్లు కట్టేకాడ కూలికి పెట్టుకుంటారట, దారెటని అడిగాడు. ఆమె చెప్పింది. చిన్నపిల్ల నిద్రలేవనని ఏడిస్తే భుజాన వేసుకుని నడిచాడు. ఆ నెల రోజుల ఆలస్యం రిజిస్టర్లో ఎవరి చేతిరాతలో ఉందో విద్యావతికి తెలుసు, గేటు దాటేదాకా మల్లేశం వెనక్కి తిరిగి చూడకూడదని కోరుకుంది.